అమెరికాలో నేచురోపతి డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఏం చూసుకోవాలి

పేరు పక్కన ఎన్‌డీ (నేచురోపతిక్ డాక్టర్, అంటే ప్రకృతి వైద్యం చేసేవాళ్లు) అని ఉంది కదా అని వెంటనే అపాయింట్‌మెంట్ తీసుకోకండి. నాలుగేళ్లు కాలేజీకి వెళ్లి చదివినవాళ్లూ అదే రాసుకుంటారు, ఆన్‌లైన్‌లో చిన్న కోర్సు చేసినవాళ్లూ కొన్నిచోట్ల అదే రాసుకుంటారు.

ముందు ఎక్కడ చదివారో అడగండి. నేచురోపతి కాలేజీలకు గుర్తింపు ఇచ్చే సీఎన్‌ఎంఈ అనే సంస్థ గుర్తింపు ఉన్న కాలేజీ అయి ఉండాలి, వాషింగ్టన్ రాష్ట్రంలోని బాస్టిర్ యూనివర్సిటీ లాంటిది. డిగ్రీ అయ్యాక అక్కడ నాలుగేళ్ల కోర్సు, దాంతోపాటు ఎన్‌ప్లెక్స్ అనే పరీక్ష రెండు భాగాలుగా రాయాలి: మొదటిది శరీర శాస్త్రాల మీద, రెండోది చదువు పూర్తయ్యాక వైద్యం మీద.

అసలు చిక్కంతా లైసెన్స్ దగ్గరే, ఎందుకంటే అది ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. ఒరెగాన్, వాషింగ్టన్‌లలో లైసెన్స్ ఉన్నవాళ్లు చాలా రకాల మందులు రాయొచ్చు, కనెక్టికట్‌లో లైసెన్స్ ఉన్నా రాయకూడదు, మనవాళ్లు అంతమంది ఉన్న టెక్సస్‌లో అయితే ఈ వృత్తికి రాష్ట్రం లైసెన్సే ఇవ్వదు. కాబట్టి మీ రాష్ట్ర ఆరోగ్య శాఖ లేదా లైసెన్సింగ్ బోర్డు వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడండి, లైసెన్స్ ఇప్పుడు అమల్లో ఉందా, ఏవైనా చర్యలు తీసుకున్నారా అన్నది చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. వేరే రాష్ట్రం లైసెన్స్ చూపిస్తే మీ రాష్ట్రంలో అది చెల్లదు.

ఇంకోటి. మామూలు డాక్టర్లలా ఆస్పత్రిలో ఏళ్ల తరబడి రెసిడెన్సీ (చదువు అయ్యాక సీనియర్ డాక్టర్ల కింద తీసుకునే శిక్షణ) చేయాలన్న నిబంధన వీళ్లకు చాలా రాష్ట్రాల్లో లేదు, యూటాలో మాత్రం ఒక ఏడాది తప్పనిసరి. అందుకే మీ జబ్బు ఉన్నవాళ్లకు ఎంతకాలంగా వైద్యం చేస్తున్నారు, ఏ పరిస్థితిలో స్పెషలిస్టు దగ్గరికి పంపిస్తారు అని మొహమాటం లేకుండా అడగండి, సూటిగా చెప్పకపోతే వేరొకరిని చూసుకోవడమే మంచిది.

షుగర్ మందులు, ఇన్సులిన్, క్యాన్సర్ చికిత్స ఆపేయమంటే మాత్రం అక్కడితో లేచి వచ్చేయండి. వాళ్లిచ్చే మూలికలు, సప్లిమెంట్ల పేర్లన్నీ మీ రెగ్యులర్ డాక్టర్‌కి చూపించండి, సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక గర్భనిరోధక మాత్రల ప్రభావాన్నీ, రక్తం పలచబరిచే వార్‌ఫరిన్ ప్రభావాన్నీ తగ్గించేస్తుంది. అమ్మానాన్నలకు మెడికేర్ (ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవాళ్లకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉంటే ఈ ఫీజు అందులో రాదు, ప్రైవేట్ ఇన్సూరెన్స్ వాళ్లను ముందే ఫోన్ చేసి కనుక్కోండి.