ఉతికితే ప్రింట్ పోతుందా? ముందు గుడ్డ చూడండి

స్క్రీన్ ప్రింట్ గానీ బ్లాక్ ప్రింట్ గానీ ఖరాబైతే అందరు ముందు చేతినో బ్లాక్‌నో తప్పు పడ్తరు, నేనైతే ముందు గుడ్డ చూడమంట.

సమస్య: ఒక్క ఉతుకుకే రంగు పోతుంది

మగ్గం మీదికెల్లి దిగిన గుడ్డకు గంజి ఉంటది, దాని మీద ప్రింట్ ఏస్తే రంగు నూలుకు కాదు గంజికి అంటుకుంటది, గంజి కరిగిందంటే దాంతోపాటే పోతది. చెక్ చేసుడు ఈజీ, ఒక మూలకు నీళ్ల చుక్క వెయ్యండి, వెంటనే ఇంకితే ఓకే, ముత్యం లెక్క నిలబడితే గంజో మైనమో ఉన్నట్టు. టించర్ అయోడిన్ చుక్కేస్తే గంజి ఉన్నకాడ నల్లనీలం అయితది. అప్పుడు రాత్రంత నానబెట్టి సబ్బునీళ్లల్ల ఉడకబెట్టి మంచిగ జాడియ్యాలె.

గుడ్డ సాఫ్‌గున్నా పోతుందంటే వేడి సరిపోలే. పిగ్మెంట్ రంగుల బైండర్ (రంగును గుడ్డకు పట్టి ఉంచే జిగురు) గట్టిపడాలంటే దాదాపు 150 డిగ్రీల వేడి 3 నుంచి 5 నిమిషాలు తగలాలె, మే నెల ఎండ ఎంత కొట్టినా అది ఆరబెట్టనీకే పనికొస్తది. ఇంట్ల అయితే పూర్తిగ ఆరినంక ఇస్త్రీపెట్టె కాటన్ మీద పెట్టి ఉల్టా దిక్కు నుంచి జాగ జాగకు ఆపుకుంట చెయ్యండి, ఆవిరి మాత్రం బంద్. ఇంకోటి, సిరిసిల్ల గుడ్డ కొంటే కాటనా పాలిస్టరా అడగండి, అక్కడ రెండూ నేస్తరు, కాటన్‌కు వాడే రియాక్టివ్ రంగు పాలిస్టర్‌కు పట్టదు.

సమస్య: స్క్రీన్ మూసుకుపోతుంది

వరంగల్ల ఎండ 40 దాటిందంటే నీళ్ల రంగు స్క్రీన్ జాలిలనే ఎండిపోతది. ఫ్యాన్ బంద్ చేసి, ప్రతి ప్రింట్ అయినంక స్క్వీజీతోని (రంగు గుంజే రబ్బరు పట్టీ) రంగు వెనకకు గుంజి డిజైన్ మీద కప్పి ఉంచండి, పేస్టుల జరంత గ్లిసరిన్ కలపండి, చాయ్ తాగనీకి పోయినా తడి స్పాంజితోని రెండు దిక్కుల తుడిచే పోవాలె. ఎండిన రంగును గోరుతోని గీకొద్దు, ఎమల్షన్ (డిజైన్ లేనికాడ జాలిని మూసే పూత) ఊడి గుడ్డ మీద అక్కర్లేని చుక్కలు పడ్తయ్.

అంచులు పాకితే పేస్ట్ పల్చగైనట్టు, చిక్కగ చేసుకోండి. వరంగల్ కొత్తవాడ జంపఖానాల అసొంటి దొడ్డు గుడ్డకైతే పెద్ద కండ్ల జాలి తీసుకోండి.

సమస్య: బ్లాక్ అచ్చు మచ్చలు మచ్చలుగ పడ్తుంది

టేబుల్ గట్టిగుంటే అంతే, కింద దుప్పట్లు మందంగ పరవండి. అయినా ఒక మూల పడకపోతే బ్లాక్ వంకర పోయినట్టు, కడిగి ఎండల పెడితే కట్టె గట్లనే అయితది, నీడల ఆరబెట్టి నూనె రాయాలె. గాజు పలక మీద బోర్లించి చూడండి, ఊగితే ఎమ్రీ పేపర్ పరిచి దాని మీద మెల్లగ రుద్దండి, చెక్కుడు లోతు తక్కువుంటే మాత్రం మీరు ముట్టుకోకుండ చెక్కినాయన దగ్గరికే తీసుకపోండి.