బూట్‌నెక్స్ట్‌తో మొదలుపెట్టండి: ఫర్మ్‌వేర్ వేరియబుల్స్ చదవడం, రాయడం

లినక్స్‌లోంచే ఫర్మ్‌వేర్ వేరియబుల్స్ (మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ దాచుకునే సెట్టింగులు) చూడవచ్చు కదా, యూఈఎఫ్ఐ షెల్‌లోకి (ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా ముందే నడిచే ఆదేశాల తెరలోకి) ఎందుకు వెళ్లడం అని అడుగుతుంటారు. లినక్స్‌కు అన్నీ కనిపించవు కాబట్టి. ప్రతి వేరియబుల్‌కూ పేరు, జీయూఐడీ (పొడవైన గుర్తింపు సంఖ్య), విలువతో పాటు లక్షణాల బిట్లు ఉంటాయి. 1 ఉంటే కరెంటు తీసినా నిలుస్తుంది. 2 ఉంటే బూట్ దశలో అందుతుంది. 4 కూడా ఉంటేనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందుతుంది. ఏ వరుసలో బూట్ చేయాలో చెప్పే బూట్‌ఆర్డర్‌లో మూడూ ఉంటాయి, మొత్తం 7. నాకు ఎక్కువగా పని పడేది 4 లేని వాటితోనే.

షెల్ ఫైలును ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో, ఈఎఫ్ఐ ఫోల్డర్‌లోని బూట్ ఫోల్డర్‌లో, బూట్‌ఎక్స్64.ఈఎఫ్ఐ అనే పేరుతో పెట్టండి. దానికి డిజిటల్ సంతకం లేకపోతే, అలాంటి ప్రోగ్రాములను అడ్డుకునే సెక్యూర్ బూట్‌ను ఆపాలి. షెల్ తెరుచుకోగానే ఎఫ్ఎస్0: లాంటి పేరుతో పెన్‌డ్రైవ్‌లోకి మారి, ముందుగా అన్నింటినీ దాచుకోండి: డంప్‌స్టోర్ -ఆల్ -ఎస్ పాతవి.బిన్ (డంప్‌స్టోర్‌ను dmpstore అని టైపు చేయాలి). ఈ ఒక్క ఆదేశాన్ని మాత్రం ఎంటర్ నొక్కేముందు మళ్లీ చదవండి. ఎస్ పక్కనే డీ మీట ఉంది, -డీ అంటే తుడిచేయమని అర్థం. ఇంత ప్రమాదకరమైన రెండు అక్షరాలను పక్కపక్కన పెట్టినవారిని ఏమనాలో నాకు తెలియదు. దాచినదాన్ని తిరిగి ఎక్కించడానికి -ఎల్ వాడాలి.

రాయడం నేర్చుకోవడానికి, తర్వాతి బూట్ ఏ ఎంట్రీ నుంచో చెప్పే బూట్‌నెక్స్ట్ కన్నా మంచిది లేదు. అది ఒక్క బూట్‌కే పనిచేస్తుంది. ఫర్మ్‌వేరే దాన్ని తీసేసి, ఆ తర్వాత బూట్ చేస్తుంది. బీసీఎఫ్‌జీ బూట్ డంప్ అని కొడితే ఎంట్రీల జాబితా వస్తుంది. మీకు కావలసింది 0003 అనుకుందాం. వేరియబుల్‌ను రాసే సెట్‌వార్ ఆదేశానికి పేరు, జీయూఐడీ, -ఎన్‌వీ -బీఎస్ -ఆర్‌టీ (పైన చెప్పిన 1, 2, 4 బిట్లు ఇవే), చివర సమానం గుర్తు పెట్టి విలువ ఇవ్వండి. జీయూఐడీని డంప్‌స్టోర్ చూపించిన దాని నుంచే చూసి రాయండి, జ్ఞాపకాన్ని నమ్మకండి. విలువ రెండు బైట్లు, చిన్న బైటు ముందు. అంటే నిల్వలో 03 00 అని ఉండాలి. 00 03 అని పడితే అది 0300 ఎంట్రీ అవుతుంది. అందుకే రాసిన వెంటనే డంప్‌స్టోర్ బూట్‌నెక్స్ట్ అని కొట్టి బైట్ల వరుస చూసుకోండి, రీసెట్ ఆ తర్వాతే. పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

-ఎన్‌వీ మరిచిపోతే ఏ ఎర్రరూ రాకపోవచ్చు. విలువ సరిగ్గానే కనిపిస్తుంది, రీసెట్ అయ్యాక మాయమవుతుంది. ఉన్న వేరియబుల్‌కు వేరే లక్షణాలతో రాయబోతే మాత్రం ఫర్మ్‌వేర్ ఒప్పుకోదు. సమానం గుర్తు తర్వాత ఏమీ ఇవ్వకుండా దాన్ని తొలగించి, కొత్తగా సృష్టించాలి. పీకే, కేఈకే, డీబీ, డీబీఎక్స్ జోలికి ఇలా వెళ్లవద్దు, అవి సెక్యూర్ బూట్ తాళాలు, అనుమతి-నిషేధ జాబితాలు.

లినక్స్‌లో సరిచూసుకునేటప్పుడు ఈఎఫ్ఐవార్‌ఎఫ్ఎస్ (వేరియబుల్స్‌ను ఫైళ్లుగా చూపే చోటు) ఫైలు మొదటి నాలుగు బైట్లు లక్షణాలవి, విలువ వాటి తర్వాత మొదలవుతుంది. చాలా ఫైళ్లకు మార్పు నిరోధక గుర్తు ఉంటుంది. 2016లో పొరపాటున తుడిచేస్తే కొన్ని యంత్రాలు లేవకుండా పోతున్నాయని తెలిశాక పెట్టారు.

యూ-బూట్ అనే బూట్‌లోడర్ ఉన్న చిన్న బోర్డుల్లో షెల్ అక్కరలేదు. ప్రింట్‌ఎన్వ్ -ఈ చదువుతుంది, సెట్‌ఎన్వ్ -ఈ రాస్తుంది, లక్షణాల గుర్తులు అవే. కొన్ని బోర్డుల్లో ఇవన్నీ ఈఎఫ్ఐ పార్టిషన్‌లోని యూబూట్‌ఈఎఫ్ఐ.వార్ అనే ఫైలులో ఉంటాయి, కాబట్టి ఆ పార్టిషన్‌ను ఫార్మాట్ చేసే ముందు ఆ ఫైలును కాపీ చేసుకోండి.