పనిని విడదీసి చూడండి, ఆ తరువాతే మనిషికి అప్పగించండి

స్వభావానికి తగిన పని అప్పగించాలనుకునేవారు సాధారణంగా ముందు మనిషిని అంచనా వేస్తారు. ముందు అంచనా వేయవలసింది పనిని అని నా అభిప్రాయం. బెంగళూరు మారతహళ్ళిలో నేను నడుపుతున్న ఆంధ్రా మెస్సులో 14 మంది పని చేస్తున్నారు. సర్వరు, క్యాషియరు అన్న పేర్లను బట్టి మనుషులను పెట్టుకున్నంత కాలం, ఎవరు ఎక్కడ ఎందుకు ఇబ్బంది పడుతున్నారో నాకు అర్థం కాలేదు.

కాబట్టి ఆ పేర్లను పక్కన పెట్టి, ఒక వారం పాటు ఒక్కొక్కరు గంటగంటకు ఏమి చేస్తున్నారో నోటుపుస్తకంలో రాయండి. మా క్యాషియరు బిల్లు కొడతాడు, యూపీఐ డబ్బు పడిందో లేదో చూస్తాడు, నెల కార్డుల మీద పూటలు కొట్టివేస్తాడు, పప్పులో ఉప్పు ఎక్కువైందన్నవారికి సర్దిచెబుతాడు, రాత్రి మెస్సు మూశాక లెక్క సరిచూస్తాడు. సర్దిచెప్పడానికి మనుషులంటే ఇష్టం ఉండాలి, రాత్రి లెక్కకు ఒంటరిగా కూర్చునే నిదానం ఉండాలి. ఈ రెండూ సమానంగా ఉన్న మనిషి అరుదు. అటువంటివాడు దొరకలేదని బాధపడేకంటే ఆ రెండు పనులనూ వేరు చేయడం సులభం.

పనిని విడదీశాక మనిషిని గమనించండి. ఎవరూ చెప్పకుండానే చేసే పని ఏది, పదేపదే వాయిదా వేసే పని ఏది, రద్దీ తగ్గాక ఏ పని చేసిన రోజున ముఖం తేటగా ఉంటుంది అన్న మూడు విషయాలు చాలావరకు దారి చూపిస్తాయి. అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు మా దగ్గర వడ్డనలో ఉండేవాడు. పిలిచినా పలకడని అతని మీద తరచూ ఫిర్యాదులు వచ్చేవి, నేనూ రెండుసార్లు మందలించాను. ఒక మధ్యాహ్నం గమనిస్తే, తన పని కాకపోయినా పార్సిల్ బల్ల దగ్గర నిలబడి, అన్నం, పప్పు, కూర, పచ్చడి, పెరుగు, అప్పడం అన్న వరుసలో పొట్లాలు పేర్చి, ఒక్కో చీటీని వేలితో తాకుతూ సరిచూస్తున్నాడు. నన్ను చూసి, "అన్నా, పెరుగు మరచిపోతే మళ్ళీ ఫోన్ చేస్తారు కదా" అన్నాడు. మరుసటి సోమవారం నుంచి ఆ బల్ల అతనిది. పెరుగు రాలేదనే ఫోన్లు దాదాపు ఆగిపోయాయి. అతణ్ణి మందలించిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

బెంగళూరులో ప్రత్యేకంగా ఒక పొరపాటు జరుగుతుంది. భాష రాక మౌనంగా ఉన్న మనిషిని బిడియస్థుడని ముద్ర వేస్తాము. కూరగాయలవారితో కన్నడంలో బేరం చేయలేక నీళ్ళు నమిలే మా వంటక్క, ఊరినుంచి కొత్తగా వచ్చి హాస్టల్లో దిగిన పిల్లలు తినకుండా లేచిపోతుంటే, పక్కన కూర్చొని ఊసులాడి రెండో వాయి పెట్టించగలదు. అందువల్ల మనిషిని తన సొంత భాషలో మాట్లాడేటప్పుడు కూడా చూసిన తరువాతే ఒక నిర్ణయానికి రండి.

స్వభావాన్ని అంచనా వేసే ప్రశ్నావళులను వాడవచ్చు, కానీ వాటి హద్దు తెలిసి ఉండాలి. 1991లో బారిక్, మౌంట్ అనే పరిశోధకులు అంతకు ముందు జరిగిన అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, బాధ్యతగా, క్రమంగా పని చేసే గుణం వారు పరిశీలించిన అన్ని రకాల వృత్తులలోనూ పనితీరుతో ముడిపడి కనిపించింది. కలుపుగోలుతనం మాత్రం ముఖ్యంగా అమ్మకాలలోనూ, మనుషులను నడిపించే ఉద్యోగాలలోనూ ఉపయోగపడింది. పీటర్సన్, సెలిగ్మన్ అనే మనస్తత్వవేత్తలు 2004లో వర్గీకరించిన 24 సుగుణాల జాబితా, తనలోని మంచిని గుర్తించడానికి మాటలు దొరకనివారికి మంచి సాధనం. అయితే మనుషులను నాలుగు అక్షరాలతో 16 రకాలుగా విడదీసే మయర్స్-బ్రిగ్స్ పరీక్షను ఉద్యోగంలోకి తీసుకోవడానికి వాడకూడదని దానిని నిర్వహించేవారే చెబుతారు. నేనైతే ఏ పరీక్ష ఫలితాన్నైనా ఆ మనిషితో సంభాషణ మొదలుపెట్టడానికే వాడతాను.

మార్చేటప్పుడు ఉద్యోగం మొత్తాన్ని మార్చకండి, ఒక ముక్కను మార్చి రెండు వారాలు చూడండి. మార్పు గురించి నలుగురిలో కాక, విడిగా కూర్చోబెట్టి అడగండి. "నువ్వు దీనికి పనికిరావు" అన్నట్టు వినిపిస్తే ఎంత మంచి మార్పైనా శిక్షగానే మిగులుతుంది. డబ్బు సంగతి కూడా అప్పుడే తేల్చాలి. వడ్డన నుంచి పార్సిల్‌కు మారినవాడికి టిప్పులు పోతాయి కనుక, ఆ మేరకు జీతం కలపకుండా స్వభావానికి తగిన పని ఇచ్చామని చెప్పుకోవడం న్యాయం కాదు.

ఎవరి స్వభావానికీ సరిపడని పనులు కొన్ని ఎప్పుడూ మిగులుతాయి. మాకు అవి అడుగంటిన గిన్నెలు తోమడం, తెల్లవారకముందే కె.ఆర్. మార్కెట్‌కు వెళ్ళడం. నోరు విప్పి కాదనని మనిషి మీదనే ఇవన్నీ పడతాయి, పైగా దానిని అతని ఓపిక అని మెచ్చుకుంటాము. ఇటువంటి వాటిని వంతులు వేసి కాగితం మీద రాసి, అందరికీ కనిపించేచోట అంటించండి. మా వంటింటి తలుపు మీద ఉన్న కాగితంలో గురువారం మార్కెట్ వంతు ఎదురుగా నా పేరు ఉంది.