ఛాంబర్ ప్యాకింగ్ మళ్ళీ కారకుండా వేయడం ఎలా

ఆయిల్ ఛాంబర్ (ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి) కింద చుక్క కనబడగానే కొత్త ప్యాకింగ్, అంటే అంచుల మధ్య నూనె ఆపే పట్టీ, తెచ్చి వేస్తారు. పది రోజులు ఆగుతుంది, మళ్ళీ కారుతుంది. ఈసారి అనాబాండ్ (అతికించే పేస్టు) ట్యూబు మొత్తం పిండుతారు. అయినా కారుతుంది. ఎందుకంటే లోపం ఎక్కువసార్లు ఛాంబర్ అంచులోనో, బోల్టు బిగించిన చేతిలోనో, ఇంజన్ లోపల పేరుకున్న గాలిలోనో ఉంటుంది. అవి సరిచేయకుండా ఎంత ఖరీదైన ప్యాకింగ్ వేసినా డబ్బు దండగే.

ముందు నూనె ఎక్కణ్ణుంచి వస్తుందో తేల్చుకోండి. టాపెట్ కవరు, ఆయిల్ ఫిల్టరు, ప్రెషర్ స్విచ్, క్రాంక్‌షాఫ్ట్ ముందు కొసన ఉండే సీలు, వీటిలో ఏది కారినా నూనె జారిజారి ఛాంబర్ అంచుకే చేరుతుంది. క్రాంక్‌షాఫ్ట్ వెనక సీలు పోతే బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య ఉండే డొప్ప) అడుగునుంచి చుక్కలు పడతాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డీజిల్‌తో కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, అంచు చుట్టూ టాల్కం పౌడరు చల్లండి. పదిహేను ఇరవై నిమిషాలు నడిపి ఆపాక టార్చి వేసి చూస్తే పౌడరు మీద తడి గీత ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనబడుతుంది.

తర్వాత బ్రీదర్. పిస్టన్ రింగుల పక్కనుంచి జారిన గాలి బయటికి పోయే దారి ఇదొక్కటే. అది పూడుకుంటే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న అంచునుంచి నూనెను తోస్తుంది. చీమకుర్తి క్వారీల వైపు తిరిగే టిప్పర్లలో గ్రానైట్ పొడి, నూనె ఆవిరి కలిసి బ్రీదర్ జాలీలో పేస్టులా గట్టిపడతాయి. జాలీ కడిగి, పైపు ఊదిచూడండి. బ్రీదర్ శుభ్రంగా ఉన్నా డిప్‌స్టిక్ తీయగానే గొట్టంలోంచి పొగ బుసకొడుతుంటే రింగులు అరిగినట్టే. అప్పుడు ఛాంబర్ విప్పడం వృథా శ్రమ.

ప్యాకింగ్ ఎంపిక

పాత ఇంజన్ల రేకు ఛాంబర్‌కి కార్క్ లేదా రబ్బరు కలిపిన కార్క్ వస్తుంది. రెంటిలో రబ్బరు కార్క్ తీసుకోండి. వట్టి కార్క్ కొట్లో ఏళ్ళ తరబడి వేలాడితే ఎండి, కుంచించుకుపోతుంది. ఛాంబర్ మీద పరిచి చూడండి: బోల్టు రంధ్రాలు ఒకదానికొకటి కలవకపోతే, వేలి చుట్టూ వంచితే పగుళ్ళిస్తే తిరిగిచ్చేయండి. లాగి సాగదీసి మాత్రం బిగించకండి. అచ్చుపోసిన రబ్బరు ప్యాకింగ్‌లో బోల్టు రంధ్రాల్లో చిన్న ఉక్కు బుష్‌లుంటాయి. ప్యాకింగ్ నలిగిపోకుండా అవి బిగింపును ఆపుతాయి. మీ బండికి ఇది దొరికితే మరోటి చూడొద్దు. కొన్ని కొత్త ఇంజన్లలో ప్యాకింగే ఉండదు, కంపెనీయే సిలికాన్ పేస్టుతో అతికిస్తుంది. అలాంటిదానికి కార్క్ కోసి పెడితే ఛాంబర్ ఆ మందం మేర కిందికి దిగి, స్ట్రైనర్‌కీ (నూనె పీల్చే పైపు మొదట ఉండే జాలీ) అడుగుకీ మధ్య దూరం మారుతుంది.

విప్పడం

బండిని స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరొద్దు. బ్యాటరీ వైరు తీసి, గోరువెచ్చగా ఉండగా నూనె దింపండి. ఆ నూనె డబ్బాలోకి పట్టి పాత నూనె కొనేవాళ్ళకివ్వండి. ముత్తుకూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల గట్టుమీద జనరేటర్‌కి ఈ పని చేస్తున్నప్పుడు ఒక్క చుక్కా నీళ్ళలోకి పోకూడదు.

బోల్టులన్నీ తీశాక ఛాంబర్ అతుక్కుని ఉంటే రబ్బరు సుత్తితో పక్కలనుంచి తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే రేకు వంగుతుంది, అల్యూమినియం మీద గాడి పడుతుంది. పల్చటి బ్లేడు అంచు వెంట జరపడమే మంచిది. దింపాక అడుగున మడ్డిని వేలితో తడిమి చూడండి. మెరిసే రేకుముక్కలు తగిలితే బేరింగుల సంగతి ముందు చూడాలి. స్ట్రైనర్ కడగండి, పైపు మొదట ఓ-రింగు ఉంటే మార్చండి.

అసలు పని అంచుల్లోనే ఉంది

గతంలో ఎవరో గట్టిగా బిగించి ఉంటారు కాబట్టి రేకు ఛాంబర్ అంచు ప్రతి బోల్టు రంధ్రం దగ్గరా పైకి ఉబ్బి ఉంటుంది. కొత్త ప్యాకింగ్ ఆ ఉబ్బుల దగ్గర నలుగుతుంది, మధ్యలో వదులుగా ఉంటుంది. నూనె కారేది ఆ మధ్యలోంచే. ఒంగోలు చుట్టుపక్కల పాలిష్ చేసిన గ్రానైట్ ముక్కకేం కొదవ లేదు. చదునైన పలక ఒకటి తెచ్చి, ఛాంబర్‌ని దానిమీద బోర్లించి, వెనకనుంచి సెల్ టార్చి వేయండి. వెలుతురు గీతలా పారితే అక్కడ అంచు పలకకి ఆనలేదని, దాని పక్క బోల్టు రంధ్రాల దగ్గర ఉబ్బు ఉందని అర్థం. అంచు కింద గట్టి చెక్క పెట్టి, గుండ్రటి తల సుత్తితో ఉబ్బిన చోట మెల్లగా కొట్టి, మళ్ళీ పలక మీద చూడండి. అరగంట పడుతుంది, పడనివ్వండి. గ్రానైట్ మీద పెట్టి మాత్రం కొట్టకండి, పలక పగులుతుంది.

సముద్రపు గాలి తగిలే చోట రేకు ఛాంబర్‌కి ఇంకో జబ్బు: డ్రెయిన్ ప్లగ్గు చుట్టూ పెయింటు కిందనే తుప్పు తిని సూదిమొన బెజ్జాలు పడతాయి. బయటివైపు సుద్దపొడి నీళ్ళలో కలిపి పూసి ఆరనివ్వండి. లోపల కిరసనాయిలు పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున తెల్లటి సుద్ద మీద నల్లటి చుక్క కనబడితే ఛాంబరే మార్చాలి.

ఛాంబర్ బిగించే ఇంజన్ బ్లాకు అంచు మీద పాత ప్యాకింగ్‌ని ప్లాస్టిక్ లేదా ఇత్తడి గీకుడు పలకతో తీయండి. ఎమరీ కాగితం, గ్రైండర్ చక్రం వద్దే వద్దు. ఆ గరుకు పొడి క్రాంక్ బేరింగుల్లోకి చేరితే ఇంజన్ పోతుంది. ఆఖరున థిన్నర్‌తో తుడవండి. పైనుంచి నూనె ఇంకా చుక్కచుక్కగా దిగుతూనే ఉంటుంది కాబట్టి వీలైతే ఒక రాత్రి వదిలి, బిగించే ముందు మరోసారి తుడవండి. బోల్టు రంధ్రాల్లో నూనె నిలిచి ఉంటే ఊదేయండి. మూసుకున్న రంధ్రంలో నూనె ఉండగా బోల్టు బిగిస్తే బ్లాకు చిట్లవచ్చు.

బిగించడం

టైమింగ్ కవరు (ఇంజన్ ముందువైపు మూత) బ్లాకుతో కలిసే మూలలు, వెనక మెయిన్ క్యాప్ (క్రాంక్ వెనక బేరింగు మూత) మూలలు, ఈ నాలుగు చోట్లా శనగగింజంత సిలికాన్ పెట్టండి. ఎక్కువ కారేవి ఈ మూలలే. రబ్బరు ప్యాకింగ్‌కి ఇంకెక్కడా పూయకండి, జారి పక్కకి పోతుంది. కార్క్‌ని నిలబెట్టడానికి ఛాంబర్ వైపు పల్చటి పూత చాలు. సిలికాన్ ఒక్కటే వాడే ఇంజన్‌కి 3 మిల్లీమీటర్ల తాడులా, బోల్టు రంధ్రాలకి లోపలివైపు నడిపి, పది నిమిషాల్లోపే ఛాంబర్ ఎక్కించండి. ఎక్కువ పూస్తే లోపలికి పిండుకుని, తెగి, స్ట్రైనర్‌కి అడ్డం పడుతుంది.

తలలు కోసిన పొడవు బోల్టులు నాలుగు మూలల్లో వేసుకుంటే ఛాంబర్ తిన్నగా పైకి వెళ్తుంది, ప్యాకింగ్ జరగదు. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, తర్వాత మధ్యనుంచి చివరలకి, ఒకటి ఇటు ఒకటి అటుగా రెండు మూడు విడతల్లో బిగించండి. ఎం6 బోల్టు, అంటే 10 నంబరు స్పానర్ పట్టేదానికి, రేకు ఛాంబర్ మీద 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది. పోత ఛాంబర్ ఎం8 బోల్టులకి సుమారు 20 నుంచి 25. మీ ఇంజన్ మాన్యువల్‌లో అంకె ఉంటే అదే పాటించండి. టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే స్పానర్) లేకపోతే చిన్న రాచెట్‌ని తల దగ్గర మూడు వేళ్ళతో పట్టి తిప్పండి. కార్క్ అంచు కొంచెం ఉబ్బగానే ఆపాలి. బయటికి పిండుకొచ్చిందంటే ఆ ప్యాకింగ్ అయిపోయినట్టే, మళ్ళీ వదులు చేసినా లాభం లేదు.

డ్రెయిన్ ప్లగ్గుకి కొత్త వాషర్ వేయండి. సిలికాన్ వాడితే ఒక రోజు ఆరనిచ్చి నూనె పోయండి. కార్క్ వేసిన ఇంజన్ ఒకసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక బోల్టులు అదే కొలతకి మరొక్కసారి చూడండి. బుష్‌లున్న రబ్బరుకీ, సిలికాన్‌కీ అది వద్దు. రాత్రికి కింద అట్టముక్క పరిచి, పొద్దున వెనక మూలలు రెండూ తెల్లగుడ్డతో తుడిచి చూడండి.