చింతపిక్కలతో సంభావ్యత లెక్కలు: ఇంట్లో సాధన ఎలా చేయాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు చాలా తెలుగిళ్ళలో పిల్లలు బడిలో లెక్కలు ఒడియాలో నేర్చుకుని, ఇంటికొచ్చి డౌట్లు మాత్రం తెలుగులో అడుగుతారు. సంభావ్యత (ప్రాబబిలిటీ, అంటే ఏదైనా జరిగే అవకాశం ఎంతో లెక్కగట్టడం) పాఠం వచ్చేసరికి ఇంట్లో పెద్దవాళ్ళకే టెన్షన్. సూత్రం చూస్తే చిన్నదే: మనకు కావలసిన ఫలితాలు ఎన్నో, వాటిని మొత్తం ఫలితాల సంఖ్యతో భాగించాలి. తంటా అంతా ఆ మొత్తాన్ని సరిగ్గా లెక్కపెట్టడంలోనే ఉంది. సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్ళి తెలుగు గైడు కొనేముందు, అష్టాచెమ్మా ఆడే చింతపిక్కలు నాలుగు తీయండి.

1. సరంజామా

ఒకే సైజు పిక్కలు నాలుగు ఏరి, గరుకు గచ్చు మీద ఒక్కోదాన్నీ ఒకవైపు అరగదీయండి. నల్ల తొక్క పోయి తెల్లగా పప్పు కనిపిస్తే చాలు. ఒక రూపాయి బిళ్ళ, ఒక రెండు రూపాయల బిళ్ళ, నోటుబుక్కు కూడా దగ్గర పెట్టుకోండి.

2. ముందు బిళ్ళలు

ఒక్క బిళ్ళ ఎగరేస్తే బొమ్మ పడే సంభావ్యత 1/2. ఇది అందరికీ వచ్చు. రెండు బిళ్ళలు ఎగరేస్తే రెండూ బొమ్మలే పడే సంభావ్యత ఎంతని అడగండి. "రెండు బొమ్మలు, ఒక బొమ్మ, అసలు లేకపోవడం, మొత్తం మూడు రకాలు. కాబట్టి 1/3" అనే జవాబు తరచూ వస్తుంది. తిట్టకండి. ఫ్రాన్సులో దలాంబేర్ అంతటి గణితవేత్త కూడా 1754లో ఇలాంటి చోటే తడబడ్డాడు. రెండుసార్లు ఎగరేస్తే ఒక్కసారైనా బొమ్మ పడే సంభావ్యత 3/4 అయితే, ఆయన 2/3 అని రాశాడు.

రూపాయి బిళ్ళ ఫలితం ముందు, రెండు రూపాయల బిళ్ళది తర్వాత రాయించండి: బొమ్మ-బొమ్మ, బొమ్మ-బొరుసు, బొరుసు-బొమ్మ, బొరుసు-బొరుసు. బిళ్ళలు వేరువేరు కాబట్టి మధ్యలోవి రెండూ ఒకటి కాదని పిల్లలకి ఇట్టే తెలుస్తుంది. జవాబు 1/4.

3. నాలుగు పిక్కల పందెం

అసలు సాధన ఇక్కడే. ఒక్కో పిక్కకి రెండు వైపులు కాబట్టి మొత్తం 2×2×2×2 = 16 ఫలితాలు. సూత్రంతో సరిపెట్టకుండా పదహారూ రాయించండి. 'తె' అంటే తెలుపు, 'న' అంటే నలుపు. రెండు తెలుపులు పడేవి చూడండి: తెతెనన, తెనతెన, తెననతె, నతెతెన, నతెనతె, ననతెతె. ఆరు. ఒక తెలుపు పడేవి నాలుగు, మూడు తెలుపులు పడేవి నాలుగు. అన్నీ తెలుపైతే చెమ్మా (నాలుగు గళ్ళు), అన్నీ నలుపైతే అష్టా (ఎనిమిది గళ్ళు), ఇవి ఒక్కొక్కటే.

అంటే చెమ్మా పడే సంభావ్యత 1/16, రెండు పడేది 6/16. చెమ్మా గానీ అష్టా గానీ పడి మళ్ళీ పందెం వేసే అవకాశం 1/16 + 1/16 = 1/8. కనీసం ఒక తెలుపైనా పడాలంటే? పదిహేను లెక్కపెట్టక్కర్లేదు. అన్నీ నలుపు పడే 1/16ని 1లోంచి తీసేస్తే 15/16. పరీక్షలో 'కనీసం' అన్న మాట కనిపిస్తే ముందు ఈ దారే చూడమనండి.

4. వేసి చూడండి

పై లెక్కంతా రెండు వైపులూ సమానంగా పడతాయని అనుకుని చేసింది. బిళ్ళ విషయంలో అది దాదాపు నిజం. పిక్క సంగతి చెప్పలేం, ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. అందుకే నాలుగూ కలిపి పాతికసార్లు వేసి, నూరింటిలో తెలుపులు ఎన్నో రాసుకోండి. గోడకి ఆనుకుని నిలబడ్డ పిక్క ఉంటే ఆ పందెం మళ్ళీ వేయాలి. 45, 55 లాంటివి వస్తే కంగారు పడక్కర్లేదు, సమానంగా పడే పిక్కలకీ అంత తేడా మామూలే. ఇంకా ఎక్కువ తేడా కనిపిస్తే మరో నూరు వేయించండి.

మాటవరసకి, ఎన్నిసార్లు వేసినా తెలుపు నూటికి 60 చొప్పునే వస్తోందనుకుందాం. అప్పుడు చెమ్మా సంభావ్యత 0.6ని నాలుగుసార్లు గుణిస్తే 0.1296. అష్టాకి 0.4ని నాలుగుసార్లు గుణిస్తే 0.0256. చెమ్మా దాదాపు అయిదు రెట్లు ఎక్కువ! అలాంటి పిక్కలతో ఆడితే అష్టాకి ఎనిమిది గళ్ళు ఇవ్వడం సబబే.

5. "ఈసారి పడి తీరుతుంది"

ఆటలో ఈ మాట వినని ఇల్లుండదు. చెమ్మా ఎంతసేపు పడకపోయినా, వచ్చే పందెంలో అది పడే అవకాశం అంతే. గత పందెం పిక్కలకి గుర్తుండదు.

6. సంచిలోంచి తీయడం

తీసింది తిరిగి వేయకపోతే మాత్రం లెక్క మారుతుంది. జీడిపిక్కలూ చింతపిక్కలూ కలిపితే చేతికి తెలిసిపోతుంది కాబట్టి ఒకే సైజు గుండీలు వాడండి: 5 తెల్లవి, 3 నల్లవి. వరసగా రెండూ తెల్లవే రావాలంటే, మొదటిసారి 5/8. ఇక సంచిలో మిగిలినవి ఏడు, వాటిలో తెల్లవి నాలుగు, అంటే 4/7. గుణిస్తే 20/56, అంటే 5/14. ఇదే లెక్కను మొదటి గుండీ తిరిగి సంచిలో వేశాక చేయించండి. 25/64 రావాలి.