కాలాన్ని తెలిపే ఇంగ్లీషు చిన్న మాటలు: ఎక్కడ ఏది వాడాలి?

హనుమకొండ కోచింగ్ సెంటర్లలో గ్రామర్ సూత్రాలన్నీ అప్పజెప్పగలవారు సైతం కాలానికి సంబంధించిన 'ఎట్', 'ఆన్', 'ఇన్' వంటి ప్రిపొజిషన్ల దగ్గర తడబడుతుంటారు. మన 'నుంచి', 'లో', 'కు' అనేవి ఒక్కొక్కటీ ఇంగ్లీషులో రెండు మూడు మాటల పని చేయడమే ఇందుకు ప్రధాన కారణం.

గడియారపు సమయానికి 'ఎట్', రోజుకూ తేదీకీ 'ఆన్', నెలకూ సంవత్సరానికీ 'ఇన్' వస్తాయన్నది తెలిసినదే. తెలంగాణ ఏర్పడినది 'ఆన్ జూన్ 2, 2014'. తేదీ తీసివేస్తే అదే 'ఇన్ జూన్ 2014' అవుతుంది. 'ఇన్ ద మార్నింగ్' సరైనదే అయినా, వారం పేరు చేరితే 'ఆన్ మండే మార్నింగ్' అనాలి. 'నెక్స్ట్', 'లాస్ట్', 'ఎవ్రీ' అన్న మాటల ముందు ఇవేవీ అక్కరలేదు.

అసలు చిక్కు 'సిన్స్', 'ఫర్' దగ్గర ఉంది. మొదలైన సమయాన్ని చెబితే 'సిన్స్', గడిచిన కాలాన్ని చెబితే 'ఫర్'. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది కనుక 'ఇట్ హ్యాజ్ బీన్ హియర్ సిన్స్ 1976' అంటాము. ఇంటర్వ్యూలలో తరచుగా వినిపించే 'ఐ యామ్ లివింగ్ ఇన్ వరంగల్ సిన్స్ టెన్ ఇయర్స్' అన్న వాక్యంలో తప్పులు రెండు. 'సిన్స్'ను 'ఫర్'గా మార్చి ఊరుకుంటే సరిపోదు, క్రియను కూడా 'హ్యావ్ బీన్ లివింగ్' అని దిద్దాలి. నా దృష్టిలో ఈ రెండవదే పెద్ద తప్పు.

పని అప్పటిదాకా సాగుతూ ఉంటే 'అంటిల్', ఆలోపు ఒక్కసారి జరిగితే చాలుననుకుంటే 'బై' వాడాలి. ఆరింటిదాకా కాజీపేట స్టేషనులో ఎదురుచూసేవారు 'ఐ విల్ వెయిట్ అంటిల్ సిక్స్' అనాలి, ఆరింటికల్లా అక్కడికి చేరుకునేవారు 'ఐ విల్ రీచ్ బై సిక్స్' అనాలి. సెలవు చీటీలో మాత్రం 'అంటిల్ మండే' అని రాస్తే సోమవారం కూడా సెలవేనా అన్న సందేహం మిగులుతుంది కాబట్టి, తిరిగి విధులకు హాజరయ్యే రోజునే రాయడం మేలు.

'డ్యూరింగ్' తరువాత నామవాచకం, 'వైల్' తరువాత సాధారణంగా కర్త, క్రియ ఉన్న వాక్యం వస్తాయి: 'డ్యూరింగ్ ద మేడారం జాతర', 'వైల్ వి వర్ ఎట్ మేడారం'. జాతర నాలుగు రోజులు జరుగుతుందని చెప్పడానికి 'ఫర్ ఫోర్ డేస్' అనాలే తప్ప 'డ్యూరింగ్' కుదరదు.

ఇక వాక్యాలను కలిపే కంజంక్షన్ల విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు 'వెన్ ఐ విల్ రీచ్ వరంగల్, ఐ విల్ కాల్ యూ' అన్నది. పని భవిష్యత్తులోనే జరిగేదైనా 'వెన్', 'బిఫోర్', 'ఆఫ్టర్', 'అంటిల్', 'యాజ్ సూన్ యాజ్' వెంట వచ్చే భాగంలో 'విల్' ఉండదు. 'వెన్ ఐ రీచ్' అంటే చాలు. అయితే 'వెన్' అన్నది 'ఎప్పుడు' అన్న ప్రశ్నగా వాక్యంలో ఇమిడినప్పుడు ఈ నియమం వర్తించదు గనుక, 'ఐ డోంట్ నో వెన్ ద ట్రెయిన్ విల్ కమ్' అన్న వాక్యాన్ని దిద్దనవసరం లేదు.