ఇంటి నాస్ పాఠాలు – 5: బ్లాక్ వాల్యూమ్ ఇవ్వడం, పెంచడం, తీసేయడం

గత పాఠంలో నాస్‌లో, అంటే ఇంటి నెట్‌వర్క్‌కి కలిపే నిల్వ పెట్టెలో, రెండు 4 టీబీ డిస్కులను మిర్రర్ చేసి (ఒకే డేటా రెండింటిలోనూ ఉండేలా పెట్టి), షేర్డ్ ఫోల్డర్ తెరిచాం. ఈసారి అదే సైనాలజీ నాస్ నుంచి ఒక కంప్యూటర్‌కి ఏకంగా డిస్కునే ఇద్దాం. దాన్నే బ్లాక్ వాల్యూమ్ అంటారు.

ఫోల్డర్ ఉండగా డిస్కు ఎందుకని అడుగుతారు. కొన్ని ప్రోగ్రాములు నెట్‌వర్క్ ఫోల్డర్‌ని ఒప్పుకోవు. ఫోటోలు దిద్దేవాళ్లకు ఇది బాగా తెలుసు: లైట్‌రూమ్ క్లాసిక్ తన కేటలాగ్‌ని (ఫోటోల వివరాలు దాచుకునే ఫైలుని) నెట్‌వర్క్ ఫోల్డర్ నుంచి తెరవదు. అదే స్థలం సొంత డిస్కులా కనబడితే పేచీ ఉండదు.

షేర్డ్ ఫోల్డర్‌లో ఫైళ్ల లెక్కంతా నాస్ చూసుకుంటుంది. బ్లాక్ వాల్యూమ్‌లో అలా కాదు. నాస్ ఖాళీ స్థలం కొలిచి ఇస్తుంది, అంతే. అందులో ప్రహరీ కట్టి, గదులు వేసి, ఏ సామాను ఎక్కడ పెట్టాలో చూసుకునేది కంప్యూటర్. లోపల ఏముందో నాస్‌కి తెలియదు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే ఈ పాఠంలో మిగతావన్నీ దాని నుంచే వస్తాయి.

ఆ స్థలం పేరు లన్ (LUN). దాన్ని చేరుకునే గుమ్మం టార్గెట్. గుమ్మం తట్టే కంప్యూటర్ ఇనీషియేటర్. వీళ్లు మాట్లాడుకునే పద్ధతి ఐస్కజీ (iSCSI). 2004లో ప్రమాణంగా వచ్చింది, మామూలుగా 3260 పోర్టులో నడుస్తుంది. ఆ పోర్టుని రౌటర్‌లో బయటి ఇంటర్నెట్‌కి ఎప్పుడూ తెరవకండి. వైఫై మీద కూడా వద్దు. సిగ్నల్ పోయిందంటే రాస్తూ ఉన్న డిస్కు కేబుల్ పీకేసినట్టే. గిగాబిట్ కేబుల్ మీద సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది, ఇంటి పనికి చాలు.

నాస్‌లో శాన్ మేనేజర్ (SAN Manager) అనే యాప్ తెరిచి కొత్త లన్ పెట్టండి. సైజు దగ్గర 500 జీబీ ఇవ్వండి. ఉన్నదంతా ఇవ్వకండి, పెంచడం తేలికే కానీ తగ్గించే దారి లేదు. తర్వాత థిక్కా, థిన్నా అని అడుగుతుంది. ఇక్కడ కాస్త ఆగుదాం.

థిక్ అంటే 500 జీబీ ఇప్పుడే పక్కన పెట్టేస్తుంది. థిన్ అంటే రాసినకొద్దీ తీసుకుంటుంది. థిన్ పొదుపుగా కనిపిస్తుంది, కానీ ఉన్నదానికంటే ఎక్కువ పంచే వీలు కూడా ఇస్తుంది. 3.6 టీబీ ఉన్నచోట 2 టీబీ లన్‌లు మూడు ఇచ్చారనుకోండి. ఒకరోజు నాస్ నిండిపోతుంది. విండోస్‌లో మాత్రం ఇంకా ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది, రాయబోతే ఎర్రర్ వస్తుంది. అప్పుడు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు, ఎందుకంటే తప్పు ఎక్కడుందో విండోస్ వైపు నుంచి అర్థం కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు థిక్ చాలు. థిన్ తీసుకుంటే, నాస్ నిండుతున్నప్పుడు హెచ్చరిక మెయిల్ వచ్చేలా ముందే పెట్టుకోండి, ఖాళీ అయిన స్థలాన్ని వెనక్కి తీసుకునే స్పేస్ రిక్లమేషన్‌నీ ఆన్ చేయండి. లేకపోతే మీరు విండోస్‌లో ఫైలు చెరిపేసినా ఆ చోటు నాస్‌కి తిరిగి రాదు.

ఇక విండోస్ వైపు. ఐస్కజీ ఇనీషియేటర్ తెరిచి, నాస్ ఐపీ అడ్రస్ ఇచ్చి, కనబడిన టార్గెట్‌కి కనెక్ట్ అవ్వండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కొత్త డిస్కు వస్తుంది. డిస్కు విభాగాల పట్టిక ఏ రకం కావాలని అడిగితే జీపీటీ (GPT) అని ఇనీషియలైజ్ చేసి, ఎన్‌టీఎఫ్ఎస్ (NTFS) అనే విండోస్ ఫైల్ సిస్టమ్‌తో ఫార్మాట్ చేయండి. పాత రకమైన ఎంబీఆర్ (MBR) ఎంచుకుంటే రేపు 2 టీబీ దాటించలేరు. ఒక మాట: ఈ ఫార్మాట్ కొత్త లన్‌కే. పాత లన్‌ని వేరే కంప్యూటర్‌కి కలిపినప్పుడు ఫార్మాట్ చేయమని విండోస్ అడిగితే, ఎస్ నొక్కకుండా ఆగి కారణం వెతకండి.

ఒక లన్, ఒక కంప్యూటర్. టార్గెట్‌లో మల్టిపుల్ సెషన్స్ అనుమతి కనబడుతుంది, దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి. నేను ఒకసారి ఆన్ చేసి, లాప్‌టాప్‌నీ డెస్క్‌టాప్‌నీ ఒకే లన్‌కి కలిపాను. మొదటి రోజు బాగానే ఉంది. రెండో రోజుకి ఒకదాంట్లో పెట్టిన ఫోల్డర్ రెండోదాంట్లో లేదు, మూడో రోజుకి ఫైళ్లే తెరుచుకోలేదు. ఒకే స్థలంలో ఇద్దరు మేస్త్రీలు ఒకరికొకరు చెప్పుకోకుండా గోడలు లేపితే అయ్యేది అదే. ఎన్‌టీఎఫ్ఎస్ ఆ స్థలం తన ఒక్కదానిదే అనుకుంటుంది. వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ వాడే వీఎంఎఫ్ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లు పంచుకోవడానికే తయారయ్యాయి, ఎన్‌టీఎఫ్ఎస్ కాదు. ఇద్దరికీ కావాలంటే షేర్డ్ ఫోల్డరే సరైనది.

పెంచడానికి కింది నుంచి మొదలుపెట్టాలి. ముందు శాన్ మేనేజర్‌లో లన్‌ని 500 నుంచి 700 చేయండి. విండోస్‌లో డ్రైవ్ ఇంకా 500 అనే చూపిస్తుంది, కంగారు పడకండి. స్థలం పెరిగింది, ప్రహరీ జరగలేదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో రీస్కాన్ చేస్తే డ్రైవ్‌కి కుడిపక్కన ఖాళీ కనిపిస్తుంది. డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌టెండ్ వాల్యూమ్ ఇస్తే కలిసిపోతుంది. ఆ ఖాళీ వెంటనే ఆనుకుని లేకపోతే, మధ్యలో వేరే పార్టిషన్ (డిస్కులో విడదీసిన భాగం) ఉంటే, ఎక్స్‌టెండ్ పనిచేయదు. అందుకే ఒక లన్‌లో ఒకటే పార్టిషన్ పెట్టమంటాను.

తీసేయడం పై నుంచి మొదలవుతుంది. ప్రోగ్రాములు మూసి, డిస్కుని ఆఫ్‌లైన్ చేసి, ఇనీషియేటర్‌లో డిస్కనెక్ట్ చేయండి. ఫేవరెట్ టార్గెట్స్‌లోంచీ తొలగించండి, లేకపోతే ప్రతి బూటింగ్‌లో లేని గుమ్మాన్ని వెతుకుతుంది. ఆ తర్వాతే నాస్‌లో లన్ డిలీట్ చేయాలి.

స్నాప్‌షాట్ల గురించి, అంటే ఒక క్షణంలో లన్ ఎలా ఉందో అలా పట్టి ఉంచే నకళ్ల గురించి, కొంచెమే చెబుతాను. నాస్‌లో బీటీఆర్ఎఫ్ఎస్ (Btrfs) అనే ఫైల్ సిస్టమ్ ఉన్న వాల్యూమ్ మీది లన్‌కి స్నాప్‌షాట్ తీయొచ్చు. కానీ లోపల ఏం జరుగుతుందో తెలియని నాస్ తీసే ఫోటో, కరెంటు పోయిన క్షణంలో డిస్కు ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కాబట్టి లైట్‌రూమ్ మూసేసి తీయండి. పైగా అది అదే డిస్కుల మీద ఉంటుంది, బ్యాకప్‌కి వేరే చోటు కావాలి.

అభ్యాసం: 20 జీబీ లన్ ఒకటి పెట్టి, ఓ పది ఫోటోలు వేసి, 30 జీబీకి పెంచండి. ఫోటోలు తెరిచి చూశాక, పైన చెప్పిన వరుసలోనే తీసేయండి. మీ అసలు ఫోటోలు ఎక్కించే ముందు ఇది రెండుసార్లు చేయండి.